ఓడలో డాక్టర్ ఉండడు, ఉండేది నేనొక్కడినే!

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. నేను నేవీలో మెడికల్ అసిస్టెంట్‌ని. మాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్ బైపీసీ అయ్యాక చేరాను. ఒడిశాలోని చిల్కా నేవీ శిక్షణ కేంద్రంలో, తర్వాత ముంబైలోని నేవీ ఆసుపత్రి అశ్వినిలో ట్రైనింగ్ అయింది. అప్పట్నుంచీ నేవీ ఆసుపత్రుల్లోనే పని. ఇప్పుడు విశాఖలో ఒక చిన్న ఓడకి పోస్టింగ్ వచ్చింది. అందులో డాక్టర్ ఉండరు, సిక్ బేకి, అంటే ఓడలోని వైద్య గదికి, నేనొక్కడినే. నడి సముద్రంలో ఎవరికైనా అపెండిసైటిస్ వస్తే? గుండెపోటు వస్తే? ఆ ఆలోచనతో నిద్ర పట్టట్లేదు. చేరిన కొద్ది రోజులకే వర్క్ అప్, అంటే ఓడ సిద్ధంగా ఉందో లేదో చూసే పరీక్ష, ఉందట. రిజిస్టర్లు చూస్తే తల తిరుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఇంకో మాట, మా ఆవిడకి ఏడో నెల. సెయిలింగ్‌లో ఉన్నప్పుడే కాన్పు వచ్చేలా ఉంది. (పేరు వద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివితే నీ టెన్షన్ అంతా నడి సముద్రం గురించే ఉంది. నా లెక్కలో నీ పనిలో ముప్పాతిక వంతు జెట్టీకి తాళ్లు కట్టి ఉన్నప్పుడే అయిపోవాలి. ఓడ కదిలాక నీకు మిగిలేది, ఒడ్డున చేసుకున్నదాన్ని వాడుకోవడమే. కానీ అపెండిసైటిస్ భయం తీరనిదే మిగతాది నీ చెవికెక్కదు కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అశ్వినిలో ట్రైనింగ్ అయినవాడివి, సీడ్రాగన్ కథ నువ్వూ వినే ఉంటావు. 1942 సెప్టెంబర్ 11న ఆ అమెరికన్ సబ్‌మెరీన్ శత్రువుల జలాల్లో ఉండగా ఒక కుర్ర సెయిలర్‌కి అపెండిసైటిస్ వచ్చింది. డాక్టర్ లేడు. వీలర్ లైప్స్ అనే ఫార్మసిస్ట్ మేట్, అంటే నీలాంటివాడే, ఆఫీసర్లు భోంచేసే బల్ల మీద అతన్ని పడుకోబెట్టి ఆపరేషన్ చేశాడు. చెంచాలు వంచి గాయాన్ని తెరిచి పట్టుకున్నారు, టీ వడపోసే జల్లెడతో ఈథర్ ఇచ్చారు, టార్పెడోల్లో వాడే ఆల్కహాల్‌తో పరికరాలు శుభ్రం చేశారు. మనిషి బతికాడు. కథ గొప్పదే. అయితే దాన్నుంచి 'అవసరమైతే నేనూ కోస్తాను' అని మాత్రం నేర్చుకోకు. అతనికి పిలవడానికి హెలికాప్టర్ లేదు, అడగడానికి సర్జన్ లేడు, ఇవ్వడానికి సరైన యాంటీబయాటిక్ లేదు. నీకు ఈ మూడూ ఉన్నాయి.

అమెరికాలో 1,552 మంది మీద జరిగి 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, అపెండిసైటిస్‌కి ఆపరేషన్ బదులు యాంటీబయాటిక్స్ తీసుకున్నవాళ్లలో 90 రోజుల్లోపు ఆపరేషన్ అవసరమైంది పదిమందిలో సుమారు ముగ్గురికే. వాళ్లు ఆసుపత్రి దగ్గర ఉన్న రోగులు, మనది సముద్రం, నిజమే. కానీ ఒడ్డు చేరేదాకా మందులతో నెట్టుకురావడం అసాధ్యం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. నీ వంతు పని కడుపు కొయ్యడం కాదు, కనిపెట్టడం. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి, ఆకలి చచ్చిపోవడం, సన్నగా జ్వరం. ఇవి చూసి కూడా 'గ్యాస్ అయుంటుంది, మాత్ర వేసుకుని పొద్దున్నే రా' అని పంపేస్తే మాత్రం తప్పు నీదే అవుతుంది.

సెయిలింగ్‌కి ముందు ఒకసారి విశాఖలోని నేవీ ఆసుపత్రి కల్యాణికి వెళ్లి సర్జన్‌నీ మెడికల్ స్పెషలిస్ట్‌నీ స్వయంగా కలువు. "సర్, నా ఓడలో ఇలాంటి కేసు వస్తే ఏ యాంటీబయాటిక్ ఎంత మోతాదులో మొదలుపెట్టమంటారు?" అని అడిగి రాసుకో, ఆ మందు నీ అలమారలో ఉందో లేదో చూసుకో. ముఖం చూసిన మనిషి అర్ధరాత్రి ఫోన్‌లో వేరేగా మాట్లాడతాడు. గుండెపోటుకీ అంతే. అలర్జీ, రక్తస్రావం లాంటి అడ్డంకి లేకపోతే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించడం, ఈసీజీ తీసే సౌకర్యం ఉంటే తీయడం, మనిషిని మెట్లెక్కనివ్వకుండా పడుకోబెట్టడం, వెంటనే డాక్టర్‌తో మాట్లాడటం. ఫోన్ ఎత్తేముందు కాగితం మీద వయసు, నొప్పి మొదలైన టైం, పల్స్, బీపీ, జ్వరం, చివరిసారి ఏం తిన్నాడు, నీ దగ్గర ఏ మందులున్నాయి అనేవి రాసి పెట్టుకో. లైన్ కట్ అయ్యేలోపు ఇవన్నీ చెప్పేయాలి.

తర్వాత కమాండింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తావు. ఆయన నిన్ను జబ్బు పేరు అడగడు. "పొద్దున్నదాకా ఆగగలడా? ఓడ తిప్పాలా?" అంటాడు. "చూద్దాం సర్" అనేది జవాబు కాదు. ఆగగలడనుకుంటే ఎన్ని గంటలు ఆగగలడో, ఆలోగా ఏ లక్షణం కనబడితే మాట మారుస్తావో చెప్పు. నిర్ణయం ఆయనది, సలహా నీది. ఇంకొకటి గుర్తుపెట్టుకో. హెలికాప్టర్ కొంత దూరం దాటితే రాలేకపోతుంది, చీకట్లో, గాలివానలో అసలే కష్టం. తీరానికి ఎంత దూరంగా ఉంటే అంత తొందరగా నోరు విప్పాలి. చివరికి అది అజీర్తే అని తేలితే ఓ వారం మెస్‌లో నీ మీద జోకులేస్తారు, పడు.

ఇక ఒడ్డున చెయ్యాల్సినవి. మొదటిది చార్జ్ తీసుకోవడం. వెళ్లిపోయేవాడికి లీవ్ టికెట్ బుక్ అయి ఉంటుంది, "అన్నీ కరెక్టుగానే ఉన్నాయ్, సంతకం పెట్టెయ్" అంటాడు. పెట్టకు. మార్ఫిన్ లాంటి మత్తు మందులు ఒక్కో ఆంప్యూల్ లెక్కపెట్టి, ఆఫీసర్ ఎదురుగా రిజిస్టర్‌తో సరిపోల్చాకే తాళంచెవి తీసుకో. ఆక్సిజన్ సిలిండర్ ఉందా అని చూస్తే చాలదు. అందులో ప్రెషర్ ఎంతుంది, దాన్ని తిప్పే తాళం దానికే కట్టి ఉందా, మాస్క్ రబ్బరు పగిలిందా చూడు. గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలిగించి చూడు. గుండె ఆగినవాడికి షాక్ ఇచ్చే ఏఈడీ ఉంటే దాని ప్యాడ్లకీ ఎక్స్‌పైరీ ఉంటుంది, చాలామంది అది చూడరు. మనిషిని చుట్టి కట్టి ఇరుకు దారుల్లో మోసే నీల్ రాబర్ట్‌సన్ స్ట్రెచర్‌ని విప్పి పట్టీలు లాగి చూడు. ఏళ్ల తరబడి బల్క్‌హెడ్‌కి, అంటే ఓడ లోపలి గోడకి, కట్టేసి ఉంటే సముద్రపు తేమకి కాన్వాస్ చీకిపోతుంది.

ఓడంతా పెట్టిన ఫస్ట్ ఎయిడ్ బాక్సులు కూడా నీవే. ఇంజిన్ రూమ్‌లో ఉన్నదాన్ని తప్పకుండా తెరువు. కత్తెర ఉండదు, ఎవడో వైరు కొయ్యడానికి పట్టుకుపోయుంటాడు. మందుల ఎక్స్‌పైరీ చూసేటప్పుడు ఈ రోజు తేదీతో పోల్చకు, ఓడ తిరిగొచ్చే తేదీతో, దాని మీద ఇంకొంత కాలం కలుపుకుని పోల్చు. సెయిలింగ్‌లు పొడిగించడం మామూలే కదా.

రెండోది మనుషులు. మొత్తం సిబ్బంది మెడికల్ డాక్యుమెంట్లు ముందేసుకుని కూర్చో. దీనికి కొన్ని సాయంత్రాలు పడుతుంది, పట్టనీ. వార్షిక పరీక్ష గడువు దాటినవాళ్లెవరు, ఆరోగ్య లోపం వల్ల లో మెడికల్ కేటగిరీలో ఎవరున్నారు, బీపీ మాత్ర ఎవరు వేసుకుంటున్నారు, పెన్సిలిన్ ఎవరికి పడదు, ఉబ్బసం ఎవరికి ఉంది, బ్లడ్ గ్రూపులేంటి. ఇవన్నీ ఒకే నోట్‌బుక్‌లో రాసి తాళం వేసుకో. కరెంటు పోయినా ఆ నోట్‌బుక్ తెరుచుకుంటుంది. సెయిలింగ్‌కి ముందు అందర్నీ డెంటల్ చెకప్‌కి తోలు. గుండెపోటు గురించి నిద్ర మానుకున్నావు గానీ, సముద్రంలో నీ తలుపు ఎక్కువసార్లు కొట్టేది పంటి నొప్పి, వేలు నలిగినవాడు, చర్మం మీద గజ్జి తామర, వెన్ను పట్టేసినవాడు. పుచ్చిన పన్ను ఒడ్డున పూటలో తేలే పని, సముద్రంలో అదే మనిషిని వాచ్‌కి, అంటే వంతు డ్యూటీకి, నిలబడనివ్వదు.

విదేశీ రేవులకు వెళ్తుంటే టీకాల సంగతి ముందే తేల్చు. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ సూది వేసిన 10 రోజుల తర్వాతగానీ చెల్లదు. చివరి వారంలో గుర్తొస్తే ఏమీ చెయ్యలేం. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుందని 2016లోనే నియమం మారింది, కాబట్టి పాత సీనియర్లని మళ్లీ పొడిపించనక్కర్లేదు.

ఒక చిక్కుంది. జబ్బు చెబితే కేటగిరీ పడిపోతుందని, ప్రమోషన్‌కి దెబ్బని చాలామంది దాచిపెడతారు. బయట మెడికల్ షాపులో కొని బీపీ మాత్రలు దొంగచాటుగా మింగేవాళ్లుంటారు. వీళ్లని పట్టుకోవాలని పోలీసు వేషం కట్టావంటే ఇక ఎవరూ నీ దగ్గరికి రారు. మెస్‌లో వాళ్లతో కలిసి తిను, కారమ్స్ ఆడు, ఒకడి విషయం ఇంకొకడి దగ్గర ఎత్తకు. వాళ్లే వచ్చి చెబుతారు.

నీ ఉత్తరంలో గ్యాలీ, అంటే ఓడ వంటిల్లు, మాటే లేదు. నాకు అదే ఆశ్చర్యం. ఆసుపత్రిలో పనిచేసినవాళ్లకి రోగం ఒక్కో మనిషికి ఒక్కోసారి వస్తుంది. ఓడలో అందరిదీ ఒకే కుండ, ఒకే గాలి. 2020లో అమెరికన్ విమానవాహక నౌక థియోడర్ రూజ్‌వెల్ట్‌లో కోవిడ్ ప్రవేశిస్తే, ఓడలో ఉన్న 4,779 మందిలో 1,271 మందికి సోకింది. డాక్టర్లూ వార్డూ ఉన్న ఓడ అది. ఒక యుద్ధనౌక ఏ క్షిపణీ తగలకుండానే రేవులో కట్టేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. అంతదాకా ఎందుకు, ఒక వంటవాడు విరేచనాలు దాచిపెట్టి పిండి కలిపితే రెండో రోజుకి నీ ఓడలో వాచ్‌కి మనుషులు దొరకరు. వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా 48 గంటలు ఆ మనిషిని వంటింట్లోకి రానివ్వకు. చిన్న ఓడలో వంటవాళ్లే ఒకరిద్దరుంటారు, "మరి వండేదెవరు?" అని నీ మీదికొస్తారు. ఎక్స్‌ఓతో, అంటే ఓడలో కమాండింగ్ ఆఫీసర్ తర్వాతి ఆఫీసర్‌తో, ముందే మాట్లాడి ఒప్పించి పెట్టుకో. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి చేతికి రాసుకునే శానిటైజర్ అంతగా పనిచెయ్యదు, సబ్బూ నీళ్లే కావాలి. బాత్రూమ్‌లకి బ్లీచింగ్.

అన్నం విషయంలో మనవాళ్లతో జాగ్రత్త. రాత్రి మిగిలిన అన్నం గిన్నెలో గోరువెచ్చగా వదిలేసి పొద్దున్నే పోపు పెట్టి పులిహోర చేసేస్తారు. ఆ వేడిలో పెరిగే బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా విడిచిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలితే వెంటనే పల్చగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా పారెయ్యాలి. ఇంట్లో చద్దన్నం తిని పెరిగాం, ఏమైంది అంటారు. ఇంట్లో పడకేస్తే ఒక కుటుంబమే పడకేస్తుంది.

నీళ్లు కూడా నువ్వే చూసుకోవాలి. క్లోరిన్‌ని ట్యాంకు దగ్గర పరీక్షించి టిక్ పెట్టేవాళ్లుంటారు. ట్యాంకుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న కుళాయి దగ్గర చూడు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ ఉండాలి. నీ ఓడకున్న ఆదేశాల్లో అంతకన్నా ఎక్కువ ఉంటే దాన్నే పాటించు. జెట్టీ మీద నీళ్లు పట్టే గొట్టాన్ని కూడా ఓసారి చూడు, దాని మూతి బురదలో పడి ఉంటుంది. ఆ గొట్టం గురించి గొడవ పెట్టుకున్నా ఫర్వాలేదు.

వర్క్ అప్ గురించి. విశాఖలో లోకల్ వర్క్ అప్ టీమ్ ఉంది, కొచ్చిలో ఫ్లాగ్ ఆఫీసర్ సీ ట్రైనింగ్ కింద పెద్ద టీమ్ ఉంది. ఎవరొచ్చినా చేసే పని ఒకటే. యాక్షన్ స్టేషన్స్‌లో, అంటే యుద్ధానికి అందరూ తమ తమ చోట్ల సిద్ధంగా ఉండగా, ఒకేసారి నలుగురైదుగురికి 'నువ్వు గాయపడ్డావు' అని చెప్పి పడుకోబెడతారు, పొగ పెడతారు, లైట్లు తీసేస్తారు, నువ్వేం చేస్తావో చూస్తారు. చాలామంది మెడికల్ అసిస్టెంట్లు అక్కడ పరిగెత్తుతారు. ఒక డెక్ నుంచి ఇంకో డెక్‌కి, ఒకడి నుంచి ఇంకొకడికి. ఆ పరుగు చూడగానే ఓడ సిద్ధంగా లేదని వాళ్లకి తెలిసిపోతుంది.

ఇది పరీక్ష కోసం ఆడే ఆట కాదు. 2000 అక్టోబర్ 12న యెమెన్‌లోని ఏడెన్ రేవులో అమెరికన్ ఓడ కోల్ పక్కన పేలుడు పడవ పేలితే 17 మంది చనిపోయారు, నలభై మంది దాకా గాయపడ్డారు. ఓడలో డాక్టర్ లేడు. నీలాంటి కొద్దిమంది కార్ప్స్‌మెన్‌తో పాటు ఎక్కువగా తోటి సెయిలర్ల చేతులే వాళ్లని కాపాడాయి. మన దగ్గర 2022 జనవరి 18న ముంబైలో ఐఎన్ఎస్ రణవీర్‌లో జరిగిన పేలుడులో ముగ్గురు పోయారు, 11 మంది గాయపడ్డారు. అది కూడా రేవులోనే. పదకొండు మంది ఒకేసారి పడితే నీకున్నవి రెండు చేతులు.

అందుకని నీ ఫస్ట్ ఎయిడ్ పార్టీని తయారు చేసుకో. సాధారణంగా వంటవాళ్లు, స్టీవార్డులు, స్టోర్స్ వాళ్లు ఉంటారు. వాళ్లకి ఎముకల పేర్లు చెప్పకు. కారే రక్తాన్ని చేత్తో గట్టిగా అదిమి ఆపడం, ఆగకపోతే టూర్నికే, అంటే రక్తం ఆపే పట్టీ, బిగించి టైం రాయడం, స్పృహ లేనివాడి తల వెనక్కి వాల్చి గాలి ఆడేలా చెయ్యడం, స్ట్రెచర్ కట్టడం. ఈ నాలుగే మళ్లీ మళ్లీ చేయించు. కళ్లకి గంతలు కట్టి చేయించు. అందరికన్నా బరువైనవాణ్ని నీల్ రాబర్ట్‌సన్‌లో కట్టి ఇంజిన్ రూమ్ అడుగు నుంచి హ్యాచ్ గుండా పైకి లాగించు. మొదటిసారి తిట్లు తప్ప ఇంకేమీ వినబడవు. కొన్నాళ్లకి వాళ్లలో వాళ్లే పందేలు కాసుకుంటారు. గాయపడ్డవాళ్లని చూడ్డానికి నువ్వు ఒకచోట నిలబడాలి, వాళ్లు నీ దగ్గరికి తేవాలి. ఒకవేళ నువ్వే పడిపోతే ఆ స్థానంలోకి ఎవరొస్తారో పేరుతో సహా తెలిసి ఉండాలి.

పొగ నిండిన గదిలోకి బ్రీతింగ్ సెట్ లేకుండా దూరకు. మూసి ఉన్న ట్యాంకులోకీ అంతే, పడిపోయినవాడు నీ ప్రాణ స్నేహితుడైనా సరే. 2014 ఫిబ్రవరిలో సబ్‌మెరీన్ సింధురత్నలో పొగ వల్ల ఇద్దరు ఆఫీసర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు, మరో ఏడుగురిని హెలికాప్టర్‌లో తరలించాల్సి వచ్చింది. ఎండాకాలంలో ఇంజిన్ రూమ్ నుంచి వడదెబ్బతో తూలుతూ వచ్చినవాణ్ని ముందు అక్కడే చన్నీళ్లతో తడిపి, మెడకీ చంకలకీ ఐసు పెట్టి చల్లబరుచు. సిక్ బేకి మోసుకెళ్లడం తర్వాత.

రిజిస్టర్ల గురించి ఎక్కువ చెప్పను. ఏ రోజుది ఆ రోజే రాయి. ఇన్‌స్పెక్షన్ ముందు రాత్రి ఒకే పెన్నుతో నెల రోజులది నింపితే, సిరా చూసి చెప్పేస్తారు.

మాట్లాడుకోవాల్సింది ఇంకొకటుంది. సిగ్నల్ పోయిన కొన్నాళ్లకి రాత్రిపూట కొందరు 'తలనొప్పి' అంటూ వస్తారు. మాత్ర ఇచ్చాక కూడా కదలరు. ఇంట్లో గొడవ, ఈఎంఐలు, తండ్రికి బాగోలేదు, పెళ్లి చెడిపోయింది. నువ్వు పరిష్కరించనక్కర్లేదు, కూర్చోబెట్టి విను. అది నీ దగ్గరే ఉండాలి. అయితే చచ్చిపోవాలనుందని అన్నాడా, ఆ గుట్టు నీది కాదు. అలాంటివాణ్ని ఒంటరిగా వదలకు, అతనికి చెప్పే కమాండింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లు, ఆయుధం పట్టే డ్యూటీ నుంచి ఆ రోజే తప్పించమని అడుగు.

నీకూ వాంతులవుతాయి తమ్ముడూ, ముఖ్యంగా వానాకాలపు బంగాళాఖాతంలో. మాత్ర ఓడ కదలకముందే వేసుకో, మొదలయ్యాక అది కడుపులో నిలవదు. అందరికీ అదే చెప్పు. ఆ మాత్రలు నిద్ర మత్తు తెస్తాయి కాబట్టి వాచ్‌లో నిలబడేవాళ్లకి ఏది ఇస్తున్నావో చూసుకో.

ఇక మీ ఆవిడ సంగతి. ఓడలో అందరి కాగితాలూ సర్దుతూ నీ ఇంటి కాగితాలు మర్చిపోయేవాళ్లలో నువ్వూ ఉన్నావనిపిస్తోంది. విశాఖలోనే కాన్పు అనుకుంటే ఈ వారమే కల్యాణిలో ఆవిడ పేరు నమోదు చేయించు, డిపెండెంట్ కార్డు ఆవిడ చేతికివ్వు, అత్తగారినో మీ అమ్మగారినో ముందే రప్పించు. పుట్టింటికే వెళ్తానంటే ఎనిమిదో నెల నిండకుండా పంపు, అక్కడ ఏ ఆసుపత్రికి వెళ్తారో, రక్తం అవసరమైతే ఎవరు ఇస్తారో వాళ్ల నాన్నగారితో కూర్చుని మాట్లాడు. కాన్పు తేదీ నీ డివిజనల్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా చెప్పి లీవ్ అడుగు. ఇవ్వలేమంటే, కబురు ఓడకి చేరే దారి ఏదో, ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆవిడకి ఒక కాగితం మీద రాసి ఇచ్చి ఎక్కు.